ఐదు రోజుల గైడెడ్ టూర్‌లో ఈజిప్ట్ చూడొచ్చా?

చూడొచ్చు, కానీ అన్నీ కాదు. కైరోకి రెండు రోజులు, లక్సర్‌కి రెండు రోజులు ఇచ్చి, మిగిలిన రోజు ప్రయాణాలకి వదిలేయండి. దక్షిణాన దూరంగా ఉన్న అబూ సింబెల్ గుళ్ళు మాత్రం ఈసారికి వద్దంటాను, అస్వాన్ ఊరి నుంచి రోడ్డు మీద ఒకవైపే మూడు గంటలకు పైగా పడుతుంది.

గిజాలో ఖుఫు పిరమిడ్ లోపలికి వెళ్ళడానికి వేరే టికెట్ కొనాలి. ఇరుకు దారిలో నడుం వంచుకుని ఎక్కి పైకి చేరితే కనబడేది ఒక ఖాళీ గ్రానైట్ పెట్టె, గోడల మీద బొమ్మ ఒక్కటీ ఉండదు, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయటి నుంచి చూసినా పోయేదేం లేదు. రంగులు చూడాలంటే లక్సర్‌లో నైలు నది పడమటి ఒడ్డున, పాత రాజుల సమాధులున్న రాజుల లోయకి వెళ్ళాలి. మామూలు టికెట్‌తో మూడు సమాధులు చూడనిస్తారు. 1922లో బయటపడిన టూటన్‌ఖామున్ అనే కుర్ర రాజు సమాధికి టికెట్ వేరు. అది చిన్నదే, అయినా అతని మమ్మీ ఇప్పటికీ అక్కడే ఉంది. లోపలి వస్తువులేమో గిజా దగ్గరి కొత్త గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉన్నాయి, దానికి కనీసం సగం రోజు కావాలి. రామ్సెస్ 2 లాంటి రాజుల మమ్మీలు కైరోలోనే ఇంకో మ్యూజియంలో ఉన్నాయి. (మమ్మీ ఒక్కటి చూస్తే చాలనుకుంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోనూ ఉంది!)

బుక్ చేసేముందు పాపిరస్ (రెల్లుతో చేసే పాతకాలపు కాగితం), అత్తరు షాపుల దగ్గర ఎంతసేపు ఆపుతారో అడగండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి, ఎండాకాలంలో లక్సర్ 40 డిగ్రీలు దాటుతుంది.