కరీబియన్ దీవుల్లో పుట్టి అమెరికా తొలి ఆర్థిక మంత్రి అయిన అలెగ్జాండర్ హామిల్టన్ కాకుండా, బయటి దేశం నుంచి వచ్చి సైన్యంలో చేరి, కొత్త అమెరికాలో మంత్రి స్థాయికి ఎదిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, జేమ్స్ మెక్‌హెన్రీ. బాల్టిమోర్ చుట్టుపక్కల ఉండే మా తెలుగువాళ్లందరికీ ఈ పేరు బాగా అలవాటు, ఎందుకంటే ఐ-95 మీద హార్బర్ అడుగు నుంచి వెళ్లే టన్నెల్ పేరు ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్. ఇండియా నుంచి చుట్టాలెవరు వచ్చినా, ఆయన పేరే పెట్టిన ఫోర్ట్ మెక్‌హెన్రీ కోటకి తీసుకెళ్తాం. 1814 సెప్టెంబర్‌లో బ్రిటిష్ నౌకలు 25 గంటల పాటు బాంబులు కురిపించినా లొంగని కోట, అమెరికా జాతీయగీతం పుట్టిన చోటు అని చూపిస్తాం. ఇంతకీ ఆ మెక్‌హెన్రీ ఎవరని మా మావగారు అడిగారు, అప్పటి నుంచి నేను ఈయన గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

1753లో ఐర్లండ్‌లోని బాలీమీనాలో పుట్టాడు. 1771లో ముందు తనొక్కడే వచ్చాడు, మరుసటి ఏడాది ఇంటివాళ్లూ వచ్చేశారు (మన ఇళ్లలో చూస్తున్నదే కదా). తండ్రి, సోదరుడు బాల్టిమోర్‌లో వ్యాపారం పెట్టుకున్నారు, ఈయన ఫిలడెల్ఫియాలో డాక్టర్ బెంజమిన్ రష్ దగ్గర వైద్యం నేర్చుకున్నాడు. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం మొదలవగానే సర్జన్‌గా సైన్యంలో చేరాడు. 1776 నవంబర్ 16న, సరిగ్గా తన 23వ పుట్టినరోజున, మన్‌హట్టన్ ఉత్తర కొసన ఉన్న ఫోర్ట్ వాషింగ్టన్ బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కింది, దాంతో పాటు ఈయనా బందీ అయ్యాడు. మళ్లీ యుద్ధంలోకి దిగనని మాట తీసుకుని పెరోల్ మీద వదిలినా, ఖైదీల మార్పిడి పూర్తయి మళ్లీ సైన్యంలోకి రావడానికి 1778 దాకా పట్టింది. ఆ తర్వాత వైద్యం వదిలేసి వాషింగ్టన్‌కి సెక్రటరీ అయ్యాడు, 1780లో అమెరికా తరఫున పోరాడుతున్న ఫ్రెంచ్ సేనాని లఫాయెత్ దగ్గరికి మారాడు.

నాకు ఈయన మీద ఇష్టం కలిగింది మాత్రం ఒక ఉత్తరం వల్ల. 1783 డిసెంబర్ 23న అన్నాపోలిస్‌లో, కాంగ్రెస్ ఎదుట నిలబడి వాషింగ్టన్ సేనాధిపతి పదవికి రాజీనామా చేశాడు. మెక్‌హెన్రీ అప్పుడు కాంగ్రెస్ సభ్యుడు, అదే గదిలో కూర్చుని ఉన్నాడు. తను పెళ్లి చేసుకోబోతున్న పెగ్గీకి ఆ రోజు సంగతి రాశాడు: చూస్తున్నవాళ్లంతా ఏడ్చారని, జనరల్ చదువుతుంటే కాగితం పట్టుకున్న చెయ్యి వణికిందని, తనతో ఉండి పనిచేసిన ఆఫీసర్ల మాట వచ్చేసరికి రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చిందని. ఇదంతా జరిగిన మేరీల్యాండ్ స్టేట్ హౌస్‌లోనే వాషింగ్టన్ సొంత చేతిరాతలో ఉన్న ఆ ప్రసంగం కాగితం చూడొచ్చు. ఉత్తరం చదివాక వెళ్లి చూశాను కాబట్టి అద్దం ముందు నుంచి కదల్లేకపోయాను.

1787లో రాజ్యాంగ సభకి మేరీల్యాండ్ తరఫున వెళ్లాడు. సోదరుడికి జబ్బు చేయడంతో మధ్యలో రెండు నెలలు లేడు, అయినా ఆయన రాసుకున్న నోట్స్ చాలా విలువైనవి. మనకి దక్కింది రిపబ్లిక్కా, రాచరికమా అని మిసెస్ పవెల్ అడిగితే, "రిపబ్లిక్కే, మీరు నిలుపుకోగలిగితే" అని ఫ్రాంక్లిన్ చెప్పిన మాట ఈయన రాసి పెట్టబట్టే మనదాకా వచ్చింది. రాజ్యాంగంలో కొన్ని విషయాలు నచ్చకపోయినా ఎందుకు సంతకం పెట్టాడో కూడా రాసుకున్నాడు. తనకంటే సమర్థులైన ఎక్కువమంది ఒకటి అంటుంటే తన అభిప్రాయమే సరైనదన్న నమ్మకం తనకు లేదన్నాడు. అంత పెద్ద పని ముందు కూర్చుని ఇంత నిజాయితీగా రాసుకున్నవాళ్లు నాకైతే ఇంకెవరూ కనిపించలేదు.

1796లో యుద్ధ మంత్రి అయ్యాడు. ముందు అడిగిన ముగ్గురూ కాదన్నారని వాషింగ్టన్ దాచకుండా ఉత్తరంలోనే చెప్పాడు, ఈయన ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ పని ఈయన శక్తికి మించినది, తర్వాత వాషింగ్టనే హామిల్టన్‌తో ఆ మాట అన్నాడు. వాషింగ్టన్ తర్వాత అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ హయాంలోనూ కొనసాగాడు కానీ ప్రతిదానికీ హామిల్టన్ సలహా అడిగేవాడు, అది ఆడమ్స్‌కి మండింది. 1800 మే నెలలో ఒక సాయంత్రం పిలిపించి చెడామడా తిట్టాడు. ఆ కోపంలో హామిల్టన్‌ని కూడా స్విట్జర్లండ్‌లో పుట్టిన ప్రతిపక్ష నాయకుడు గాలటిన్ లాగే పరాయి దేశంవాడన్నాడు. ఎదురుగా వింటున్నదేమో ఐర్లండ్‌లో పుట్టిన మనిషి! ఏళ్ల తరబడి ఇక్కడ పనిచేసి, పన్నులు కట్టి, ఎక్కడో ఒక మీటింగ్‌లో అలాంటి మాట విన్నవాళ్లకి అది ఎలా గుచ్చుకుంటుందో నేను వివరించక్కర్లేదు. మరుసటి రోజే మెక్‌హెన్రీ రాజీనామా ఇచ్చేశాడు, ఆడమ్స్ అన్న మాటలన్నీ కాగితం మీద పెట్టాడు.

1814లో కోట మీద బాంబులు పడే నాటికి ఈయన పదవిలో లేడు. ఆ ఏడాదే పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయాయి. కోటని కాపాడినవాళ్లలో ఆయన కొడుకు జాన్ ఉన్నాడు. 1816లో బాల్టిమోర్‌లోనే చనిపోయాడు, సమాధి ఎడ్గార్ అలన్ పో సమాధి ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ శ్మశానంలోనే ఉంది. మీరు ఇటు వస్తే ముందు అన్నాపోలిస్ చూసి, తర్వాత కోటకి రండి. బయటి మైదానానికి టికెట్ అక్కర్లేదు, కోట లోపలికి మాత్రం తీసుకోవాలి. రాజ్యాంగ సభ నోట్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఎక్కువ పేజీలు కూడా కాదు, వచ్చే ముందు చదివేయండి.