జెల్ దిమ్మెలో బుల్లెట్ ఏం చెప్తాది?

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ సెకండియర్, ఎన్‌సీసీ క్యాడెట్‌ని, క్యాంపులో .22 రైఫిల్ కాల్చినాను. ఆర్మీలో చేసి రిటైరైన మా తాత ఏమో ఇన్సాస్ రైఫిల్ 5.56 మి.మీ. బుల్లెట్ ఊరికే గాయం చేసేదానికే, అంతకు ముందుండిన పాత ఎస్సెల్లార్ రైఫిల్ 7.62 మి.మీ. బుల్లెట్ తగిలితేనే మనిషి లేవడు అంటా ఉంటాడు. వీడియోల్లో జెల్లీ దిమ్మెని కాలుస్తారు గదా సార్, దాంట్లో ఈ సంగతి తేలిపోతాదా? మా ఫిజిక్స్ ఎగ్జిబిషన్‌కి అట్లాంటిది చేయొచ్చా?
– ఒక క్యాడెట్, తిరుపతి

జవాబు: లెక్క ప్రకారం మీ తాత చెప్పేదాంట్లో బలం ఉంది నాయనా. నువ్వు కాల్చిన .22 శక్తి సుమారు 140 జౌల్స్, ఇన్సాస్‌ది 1600 పైన, ఎస్సెల్లార్‌ది 3300 దాకా. కానీ ఆ శక్తిలో ఎంత శరీరం లోపల వదిలింది, ఎంత అవతలికి పట్టుకుపోయింది అనేదే అసలు విషయం, దిమ్మెని కాల్చేది అది చూడ్డానికే.

బొంగరం గట్టి నేల మీద నిటారుగా తిరుగుతాది, బురదలో వేస్తే తూలి పడిపోతాది గదా, మొనదేలిన బుల్లెట్ కూడా అంతే, గాలిలో గిరగిరా తిరుగుతా సూటిగా పోతాది గానీ శరీరం గాలి కంటే దగ్గర దగ్గర 800 రెట్లు చిక్కన, అందుకని లోపల కొంత దూరం పోయాక అడ్డం తిరుగుతాది. ఎంత దూరం పోయాక అనేదే కీలకం. 1980లలో అమెరికా ఆర్మీ సర్జన్ మార్టిన్ ఫాక్లర్ చేసిన టెస్టుల్లో పాత ఏకే-47 బుల్లెట్ (ఇదీ 7.62 లావుదే) సుమారు 26 సెంటీమీటర్లు సూటిగానే పోయింది, అమెరికా వాళ్ల పాత 5.56 బుల్లెట్ 12 దగ్గరే అడ్డం తిరిగి ముక్కలైంది. అంటే తొడలో తగిలితే పెద్దది సన్న బొక్క పెట్టి బయటికి పోవచ్చు, చిన్నదే లోపల ఎక్కువ చీల్చవచ్చు.

ఆ దిమ్మె బేకరీ జెల్లీ కాదు. 10% జెలటిన్, అంటే కిలో పొడికి 9 లీటర్ల నీళ్లు, 4 డిగ్రీల చల్లదనం. కాల్చే ముందు 4.5 మి.మీ. ఉక్కు గోళీని సెకనుకి 180 మీటర్ల వేగంతో కొడతారు, అది సుమారు 8.5 సెం.మీ. దిగితేనే ఆ దిమ్మె టెస్టుకి పనికొస్తాది. మన మే నెల ఎండలో అర్ధగంట బయట పెడితే మెత్తబడి కొలతలన్నీ తప్పిపోతాయి.

వీడియోలో దిమ్మె బెలూన్ మాదిరి ఉబ్బేది చూసి అదంతా గాయమే అనుకోవద్దు. బావిలోకి దూకినప్పుడు నీళ్లు పక్కలకి తెరుచుకుని మళ్లా మూసుకుంటాయే, అదీ అట్లాంటిదే. కండరం, ఊపిరితిత్తి చాలామటుకు సాగి వెనక్కి వస్తాయి, కాలేయం మాత్రం సాగలేక చిట్లిపోతాది. దిమ్మెలో ఎముక లేదు, చర్మం లేదు, నెత్తురు లేదు. ఒక బుల్లెట్‌ని ఇంకోదాంతో పోల్చేదానికి అది కొలబద్ద, అంతవరకే, దాన్ని చూసి మనిషి లేస్తాడా లేవడా అని చెప్పేది తప్పు అని నేను గట్టిగా అంటా.

ఇంక గాయం చేసేదానికే చిన్న బుల్లెట్ అనే మాట చాలామంది అంటారు గానీ అసలు కారణం బరువు. 5.56 రౌండ్, అంటే బుల్లెట్, మందు, తొడుగు అన్నీ కలిపి, సుమారు 12 గ్రాములు, ఎస్సెల్లార్‌ది 24, అదే బరువుకి జవాను రెండింతల రౌండ్లు మోస్తాడు, భుజానికి తన్నేది కూడా తక్కువ.

ఎగ్జిబిషన్‌కి తుపాకీ ఊసే వద్దు, ఎయిర్‌గన్ కూడా వద్దు. జెలటిన్ 3, 4 శాతం పల్చగా కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు, మెకానిక్ షాపులో బేరింగ్ గోళీలు అడిగి తెచ్చుకో, పీవీసీ పైపులోంచి ఒక మీటరు ఎత్తు నుంచి ఒకసారి, రెండు మీటర్ల నుంచి ఒకసారి వదులు. ఎత్తు రెండింతలైతే శక్తి రెండింతలు, మరి లోతు రెండింతలు అయిందా లేదా చూడు, దిగకుండా తుళ్లి పడితే అదీ రాసుకో. దిమ్మె వెనక నల్లగుడ్డ కట్టి పక్కన స్కేలు నిలబెట్టి ఫోన్లో స్లోమోషన్ పెట్టుకుంటే లోతు కనపడతాది.