దాదర్‌లో రైలు ఎక్కేముందు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు నువ్వూ తమ్ముడూ ముంబై చూడడానికి వెళుతున్నారని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. పెద్దవాళ్ళెవరూ తోడు లేరనీ, తిరగడమంతా లోకల్ రైళ్ళలోనేననీ చెబుతుంటే ఆమె గొంతులో గర్వం వినిపించింది. నాకూ సంతోషమే. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు దక్షిణాన లోకల్ లైన్ల చివరి స్టేషన్లయిన చర్చిగేట్ వైపు, సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) వైపు వెళ్ళే బండ్లు ఎక్కవద్దు. సాయంత్రం ఐదు దాటాక అటునుంచి వచ్చేవీ అంతే. సీఎస్ఎంటీని మా రోజుల్లో వీటీ, అంటే విక్టోరియా టెర్మినస్ అనేవాళ్ళం. టికెట్ కౌంటర్‌లో టూరిస్టు పాస్ అడగండి; ఒకటి, మూడు, ఐదు రోజులకు ఇస్తారు. బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు, వాటికోసం ఎండలో నిలబడకండి. గేట్‌వే ఆఫ్ ఇండియాకు ఎర్ర సిటీ బస్సులో వెళ్ళవచ్చు, వాటిని అక్కడ బెస్ట్ బస్సులంటారు. తలుపు దగ్గర వేలాడవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పు. పట్టాల పక్కన స్తంభాలు ఎంత దగ్గరగా ఉంటాయో వాడికి తెలియదు.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయం. మీ అమ్మ మీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

1986లో నాకు బొంబాయిలో ఉద్యోగం దొరికిన కొత్తలో, పద్నాలుగేళ్ళ మీ అమ్మను వేసవి సెలవులకు తీసుకెళ్ళాను. మహాలక్ష్మి గుడికి వెళదామని, మహాలక్ష్మి స్టేషనులో దిగడానికి దాదర్ స్టేషనులో నిలుచున్నాం. చర్చిగేట్ బండి వచ్చింది. అక్కడ బండి అర నిమిషం ఆగితే ఎక్కువ. నేను ఎక్కి, వెనక్కి తిరిగి చెయ్యి చాచేలోగా మధ్యలో జనం తోసుకొచ్చారు, బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద ఆమె నీలం పరికిణీ ఒక్క క్షణం కనిపించింది.

అది ఫాస్ట్ బండి అని అప్పుడు తెలిసింది. ఎల్ఫిన్‌స్టన్ రోడ్, లోయర్ పరేల్, మహాలక్ష్మి, ఎక్కడా ఆగలేదు. బాంబే సెంట్రల్‌లో దిగి, ఎదురు బండి పట్టుకుని దాదర్ వచ్చేసరికి ఆమె లేదు. రెండు అట్ట టికెట్లూ నా జేబులోనే ఉన్నాయి. ఆమె చేతిలో పైసా లేదు, హిందీ రాదు. వంతెనలన్నీ ఎక్కి దిగాను. మైకులో పేరు పిలిపించాను. మా అమ్మకు నా ముఖం ఎలా చూపించాలి అన్న ఆలోచన తప్ప బుర్ర పని చేయలేదు. మూడు గంటలు గడిచాక, ఇక వెతకడానికి చోటు లేక మహాలక్ష్మిలో దిగాను. బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. "మనం రావలసింది ఇక్కడికే కదా అన్నయ్యా" అంది. మహాలక్ష్మి అన్న ఒక్క మాట అడిగితే ఎవరో పక్క ప్లాట్‌ఫారం చూపించారట, అన్ని స్టేషన్లలో ఆగే స్లో బండిలో వచ్చేసింది. టికెట్ లేదని ఎవరైనా పట్టుకుంటారేమోనని ఆ మూడు గంటలూ తల ఎత్తలేదట. ఆ పిల్లకు తోచింది నాకు తోచలేదు.

అందుకే తల్లీ, ఎవరి పాస్, ఎవరి డబ్బు వాళ్ళ దగ్గరే ఉండాలి. బోర్డు మీద ఎస్ అని ఉంటే స్లో, ఎఫ్ అని ఉంటే ఫాస్ట్. మరాఠీలో ధీమీ, జలద్ అని చెబుతారు. ఆడవాళ్ళ పెట్టెలో సుఖమని నువ్వు అటూ, వాడు ఇటూ ఎక్కవద్దు. బండి రాకముందే, విడిపోతే ఎక్కడ కలవాలో ఒక స్టేషను పేరు అనుకోండి. ఆ బండి అక్కడ ఆగుతుందో లేదో చూసుకోండి. ముందు వెళ్ళినవాళ్ళు అక్కడ దిగి కదలకూడదు. మిగిలినవాళ్ళు అక్కడ ఆగే బండి చూసుకుని రావాలి. ఎదురు వెళ్ళి వెతకవద్దు. ఫోను ఉంది కదా అంటావు. ఆ రద్దీలో ఫోను జేబులోనే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఊరికి వచ్చాక మీ అమ్మ ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నన్ను తిడతారని. నేను చెప్పానని ఆమెకు చెప్పు, కోప్పడదు.

మహాలక్ష్మిలో దిగినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఏదైనా బల్ల చూసుకుని, ఇద్దరూ కూర్చుని ఒక ఫొటో తీసి నాకు పంపండి.

మీ మామయ్య