'మీరు' అన్నది ఎవరిని?

తమ్ముడూ,

పోర్చుగీసు కథకు నీ తెలుగు అనువాదం రెండుసార్లు చదివాను. పోర్చుగల్ ఉత్తరాన మిన్యో పల్లెలో అవ్వ మనవళ్లను అన్నానికి పిలిచే చోట ఆగిపోయాను. ఆవిడ 'విందె' (రండి) అని పిలిస్తే నువ్వు 'విచ్చేయుడు' అని రాశావు. అది 'వోష్' (మీరు) అనే సర్వనామంతో వచ్చే క్రియ. 'వోష్' పాతబడిన మాట అని నేర్చుకున్నావు కదా, అందుకని గ్రాంథికం ఎత్తుకున్నావు.

లిస్బన్‌లో, బ్రెజిల్‌లో అది పాతబడిన మాట వాస్తవమే. అక్కడ నలుగురిని పలకరించాలంటే 'వోసెష్' అంటారు. దాని ఏకవచనం 'వోసె' పుట్టింది 'వోసా మెర్సె' నుంచి, అంటే 'తమరి దయ'. 'తమరి దయ వచ్చిందా' అన్నట్టు మాట్లాడేవాళ్లు కాబట్టి, ఎదుటి మనిషితో మాట్లాడుతున్నా క్రియ మాత్రం ఇప్పటికీ ప్రథమ పురుషలోనే ఉంటుంది. కానీ ఉత్తరాది పల్లెల్లో 'వోష్' ఇంకా బతికే ఉంది. అక్కడ అది గౌరవం కాదు, ఒట్టి బహువచనం. మన అవ్వ అయితే ఏమంటుంది? "రండిరా, అన్నం చల్లారిపోతోంది." ఆ 'రండిరా'లో బహువచనమూ ఉంది, చనువూ ఉంది. నీకు కావలసింది అదే.

1572లో అచ్చయిన కావ్యంలో పోర్చుగీసు కవి కమోయిష్ తన కుర్ర రాజు సెబాస్తియాఁవ్‌ను 'వోష్' అన్నాడు. అక్కడ ఉన్నది ఒక్కడే, ఆ బహువచనం గౌరవానికి. నీ గ్రాంథికం అక్కడికి దాచుకో.

ప్రార్థన దగ్గర నువ్వు 'నీవు' అని రాయడం కూడా నాకు నచ్చలేదు. నీ కథలోని కుటుంబం క్యాథలిక్కులు. వాళ్లు మరియమ్మను 'బెందిత సోయిష్ వోష్' అంటారు. దానికి తెలుగు కోసం నువ్వు శతవిధాలా వెతికే పని లేదు, మన తెలుగు క్యాథలిక్కులు రోజూ అనే మాటే అది: 'స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే'. పరలోక ప్రార్థనలోనూ వాళ్లది 'మీ నామము', ప్రొటెస్టెంట్లది 'నీ నామము'. పోర్చుగీసులోనూ సరిగ్గా ఇదే తేడా ఉంది. మన గుడిలో వినిపించేదాన్ని వదిలి కొత్తది కల్పించకు.

ఇంకొకటి. కుర్రాడు స్నేహితుడితో 'తూ ఫిజెష్తెష్' అన్న చోట 'మీరు చేసితిరి' అని ఉంది. వ్యాకరణం ప్రకారం ఆ క్రియ 'వోష్'దే. కానీ ముందు 'తూ' ఉంది చూడు. అంటే 'నువ్వు'. 'తూ'తో రావలసింది 'ఫిజెష్తె', మాటల్లో చాలామంది దాని చివర అలా ఒక 'ష్' తగిలిస్తారు. కాబట్టి 'చేశావ్' అని రాస్తే చాలు. క్రియ తోకను నమ్మి టెన్షన్ పడకుండా, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ముందు మార్జిన్‌లో రాసుకో.

అవ్వ పేజీ మొదట సరిచేసి పంపు. ఆవిడ గొంతు నాకు చాలా నచ్చింది, అది పోకూడదు.

నీ అన్నయ్య