ప్లాంత్సా పట్టుకునే ముందు కిటికీలు తెరువు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి సగం నవ్వుతూ సగం తిడుతూ చెప్పింది. నీ రూమ్మేట్ వాళ్ల అన్న పెళ్లట, వాళ్ల తాతగారు తన పెళ్లికి తొడుక్కున్న పీన్యా బారోంగ్‌నే, అంటే అనాస నార చొక్కానే, ఈ అబ్బాయీ తొడుక్కుంటాడట, దాన్ని వాళ్ల లోలా, అంటే బామ్మ, వాడిన ప్లాంత్సాతోనే, అదే బొగ్గుల ఇస్త్రీపెట్టెతోనే, ఇస్త్రీ చేసి ఇస్తానని నువ్వు మాటిచ్చావట. మన ఇంట్లో నీ చొక్కా నువ్వు ఎప్పుడైనా ఇస్త్రీ చేసుకున్నావా తల్లీ? సరే, ఆ మాట వదిలెయ్. గర్వంగా ఉందని ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద తిట్లు ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో, ఐఆర్ 8 వరి వంగడం పుట్టిన ఊళ్లో వరి మీద చదువుకుంటూ, అక్కడి వాళ్ల పెళ్లిలో ఇంటి పిల్లలా పని అందుకుంటున్నావంటే మాకు అంతకన్నా ఏం కావాలి. మీ పెదనాన్న అక్కడి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రిలో పనిచేసినన్నాళ్లూ నేను పక్కింటి లోలా ఇంట్లోనే సగం రోజు గడిపాను, నాకొచ్చిన నాలుగు టాగలోగ్ ముక్కలూ ఆవిడ పెట్టిన భిక్షే.

పెట్టె సంగతి చూద్దాం. మన ఇస్త్రీ బండి మీద ఉండేలాంటిదే, కాకపోతే ముందు గొళ్లెం మీద కోడిపుంజు బొమ్మ ఉంటుంది. చాలా ఏళ్లుగా షోకేసులో ఉంది కాబట్టి లోపలి తుప్పు గీకు, అడుగుభాగం సన్నటి గరుకు కాగితంతో రుద్ది కొబ్బరినూనె రాసి తుడువు. మూత వెనక బందు, చెక్క పిడి ఊగుతున్నాయేమో చూడు, ఊగుతుంటే వాడకు. కొబ్బరిచిప్పల బొగ్గు అడుగు, కణకణా ఎక్కువసేపు ఉంటుంది. బొగ్గు పెట్టెలో కాదు, బయట కాలాన్ పొయ్యి మీద రాజెయ్యి. మంట తగ్గి, ఎర్రగా మారి, పైన బూడిద పొర వచ్చాక పటకారుతో లోపల వెయ్యి.

అరటాకు మర్చిపోకు. ఇది మన దగ్గర నేను ఎక్కడా చూడలేదు. పచ్చి అరటాకు పరిచి వేడి పెట్టెను దాని మీద రెండుమూడు సార్లు లాగుతారు. ఆకు మీది మైనం అడుగుకి పట్టి, పెట్టె బట్ట మీద నున్నగా జారుతుంది, వాసన కూడా ఎంత బాగుంటుందో. వేడి ఎంతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఆకు గోధుమరంగులోకి తిరిగిందంటే పెట్టె పక్కన పెట్టి కూర్చో. తర్వాత పాత నూలు గుడ్డ మీద చూసుకో. బూడిద ఊదాల్సి వస్తే బట్టకి దూరంగా వెళ్లి ఊదు, పక్క చిల్లుల్లోంచి చిన్న నిప్పురవ్వ పడితే చాలు, ఆ తాతగారి బారోంగ్ ఇక మ్యూజియంలో కూడా పెట్టుకోరు.

పీన్యా అంటే అనాస ఆకుల్ని పింగాణీ పెంకుతో గీకి తీసిన నార. ఆక్లాన్‌లో మగ్గం మీద నేస్తారు, 2023లో యునెస్కో కూడా ఆ నేతను గుర్తించింది. దాని మీది ఎంబ్రాయిడరీ బహుశా మీకు దగ్గర్లోని లుంబాన్‌లో చేయించి ఉంటారు. ఉల్లిపొర లాంటి బట్ట అది. నేరుగా పెట్టె తగలనివ్వకు. మందపాటి టవల్ పరిచి, ఎంబ్రాయిడరీ ఉన్న వైపు కిందికి పెట్టి, కాస్త తడిగా ఉండగానే పైన పల్చటి తెల్లగుడ్డ వేసి, ఒత్తి తియ్యి, ఈడ్చకు. గంజి పెట్టాలని ఎవరైనా అంటే పాత బట్ట అని చెప్పి వద్దను, పెళ్లయ్యాక మళ్లీ బీరువాలో పెడితే ఆ గంజికి పురుగు వస్తుంది.

ఇంతవరకూ నువ్వు యూట్యూబ్‌లో కూడా చూసే ఉంటావు. నేను ఉత్తరం మొదలుపెట్టింది ఇందుకు కాదు.

1992, 93 సంగతి. అక్కడ కరెంటు రోజుకి ఎనిమిది, పది గంటలు పోయిన రోజులున్నాయి. బతాన్‌లో అంత డబ్బు పోసి అణు విద్యుత్ కేంద్రం కట్టి, ఒక్కరోజు కూడా నడపకుండా మూసిపెట్టారు, జనం మాత్రం కొవ్వొత్తులు కొనుక్కుంటున్నారు. అటకలెక్కిన ప్లాంత్సాలు ఆ రోజుల్లో మళ్లీ కిందికి దిగాయి. మా పక్కింటి లోలా తనది మాకూ అరువిచ్చేది. ఒక రోజు తుఫాను వాన, నేను లోలా ఇంట్లో ఉన్నాను. మీ పెదనాన్నకి మర్నాడు పొద్దున ఏదో మీటింగు. చొక్కా నలిగిందని ఈయనగారు వాన జల్లు కొడుతోందని అన్ని కిటికీలూ బిగించి, తలుపు కింద సందులో గుడ్డ కూడా దోపి, పడకగదిలో ఇస్త్రీకి కూర్చున్నారు. పొగ లేదు కదా అని ధైర్యం. నిజంగానే లేదు, నిప్పులు అంత బాగా రాజేశారు. అదే కొంప ముంచింది. బాగా రాజుకున్న బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు, దగ్గు కూడా రాదు. తలనొప్పి వచ్చిందట, పొలాల్లో తిరిగినందుకనుకున్నారు. వికారం వచ్చిందట, మధ్యాహ్నం తిన్న చేపలు అనుకున్నారు. తర్వాత నిద్ర ముంచుకొచ్చిందట, పెట్టె పక్కకి పెట్టి కాసేపు ఒరుగుదామనుకున్నారు. ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక కారణం ఉంది చూడు. చదువుకున్నవాళ్లతో వచ్చే చిక్కు ఇదే.

మా ఇంటి కిటికీలన్నీ మూసి ఉండటం, సందుల్లోంచి కొవ్వొత్తి వెలుగు కనపడటం చూసింది లోలా. "నా ప్లాంత్సా ఎక్కడ?" అని నన్ను అడిగింది. ఆయన దగ్గరుందన్నాను. ఆవిడ గొడుగు కూడా తీసుకోకుండా ఆ వానలో పరిగెత్తింది, డెబ్బై దాటిన మనిషి. నేను వెనక వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి, కిటికీలు తోసేసి, ఆయన్ని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొస్తోంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, మాట మాత్రం ముద్దగా వస్తోంది. వాంతి చేసుకుని, వానలో తడుస్తూ చాలాసేపు కూర్చుంటే గానీ మామూలు మనిషి కాలేదు. ఆస్పత్రికి వెళదామంటే తుఫానులో జీపు దొరకలేదు. అలాంటప్పుడు ఎలాగైనా వెళ్లాల్సిందే, ఈ మాట గుర్తుపెట్టుకో. ఇప్పటికీ ఆయనకి తలనొప్పి అంటే చాలు, నేను లేచి కిటికీ తెరుస్తాను. ఆయన నవ్వుతారు. నవ్వనీ.

లోలా ఆ రాత్రి ఒక మాట చెప్పింది. వాళ్ల అమ్మ కాలంలో ఇల్లంతా గాలే. గోడంత వెడల్పు కిటికీలు, ముత్యపు చిప్పల తలుపులు, వాటి కింద మళ్లీ చిన్న కిటికీలు, వెదురు బద్దల నేల, ఆ బద్దల సందుల్లోంచి కింద తిరిగే కోళ్లు కూడా కనపడేవి. అలాంటి ఇంట్లో నిప్పుల పెట్టె ఎంతసేపు పట్టుకున్నా ఏమీ కాలేదు. సిమెంటు గదుల్లో కూర్చుని అదే పెట్టె పట్టుకుంటే అది వేరే వస్తువు అంది. మన ఇస్త్రీ బండి కూడా చెట్టు కింద రోడ్డు మీదే ఉంటుంది కదా.

మీ రూమ్ ఫోటోల్లో చూశాను. ఒక్క కిటికీ, దానికీ పరదా, పైన ఏసీ. ఏసీ ఉంది కదా అని నువ్వు అంటావు, నాకు తెలుసు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది, బయటి గాలి తేదు. కాబట్టి ఆ గదిలో వద్దు. వాళ్ల ఇంటి సిలోంగ్‌లోనో (ఇంటి కింద ఖాళీ జాగా), పెరట్లోనో బల్ల వేసుకో. వాన పడితే ప్లాంత్సా మానేసి కరెంటు ఇస్త్రీ తీసుకో, ఫోటోలకి ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడు, ఎవరికీ తెలీదు. పనయ్యాక నిప్పులు నీళ్లలో ఆర్పి బయటే పారబొయ్యి, ఆరిపోయాయిలే అని పెట్టెతో సహా లోపలికి తేకు. ఇది పెద్దమ్మ చాదస్తం అనుకో, ఏమన్నా అనుకో, కానీ చెయ్యి.

ఇంకొకటి. ఇస్త్రీ అవ్వగానే చేతులు చల్లనీళ్లలో పెట్టకు. పాస్మా వస్తుందని నీ రూమ్మేట్ వాళ్ల లోలా నిన్ను కేకలేస్తుంది. డాక్టర్లు దాన్ని జబ్బుగా ఒప్పుకోరు, మీ పెదనాన్న అసలు ఒప్పుకోరు. పెద్దావిడ ముందు మాత్రం బుద్ధిగా చేతులు చల్లారేదాకా కూర్చో, మెరియెందా పెడుతుంది, తిను.

పెళ్లి ఏ తారీఖో మీ అమ్మ చెప్పలేదు, మెసేజ్ పెట్టు. బారోంగ్ ముందురోజు మధ్యాహ్నమే చేసి వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించు, మడత పెట్టి కారులో పడెయ్యొద్దని పెళ్లికొడుక్కి గట్టిగా చెప్పు.

నీ పెద్దమ్మ