‘ది చాక్లెట్ వార్’ ముగింపంటే చాలామందికి ఎందుకంత కోపం?

అమెరికన్ రచయిత రాబర్ట్ కోర్మియర్ రాయగా 1974లో వచ్చిన ఈ నవలలో, స్కూలు కోసం చాక్లెట్లు అమ్మనని మొండికేసిన జెర్రీ చివరికి చావుదెబ్బలు తిని, ఎదురు తిరగొద్దని స్నేహితుడికి చెప్పాలనుకుంటాడు. పిల్లల పుస్తకంలో ఇంత నిరాశా అని కొందరికి అక్కడే ఒళ్లు మండుతుంది. అమెరికాలో లైబ్రరీల్లోంచి తీసేయమని గొడవలు కూడా అయ్యాయి.

నాకైతే అదే నిజమనిపిస్తుంది. హన్మకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినవాళ్లను అడగండి: సీనియర్ బకెట్ నింపుకురమ్మంటే గప్‌చుప్‌గా నింపేవాళ్లే ఎక్కువ, నింపనన్నవాడి పక్కన అన్నం తినడానికి కూడా ఎవరూ కూర్చోరు, వార్డెన్‌కు తెలిసినా తెలియనట్టే ఉంటాడు (నవలలో స్కూలు టీచరు బ్రదర్ లియాన్ అచ్చం ఇంతే). నవలలో జెర్రీని కొట్టినవాళ్లకంటే, ఆ దెబ్బలాటను టికెట్లు కొని మరీ చూసిన పిల్లల మీదే నాకు కోపమొచ్చింది. తొమ్మిది, పది చదివే పిల్లలకు ఇవ్వొచ్చు, కానీ మీరూ చదివి ఇవ్వండి.