రైస్ మిల్లు బూడిద: ఎన్‌జీటీకి (జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి) గడువు దాటిపోకముందే

అన్నా, పరకాల దగ్గర మిల్లు బూడిద 5 నెలలుగా మీ పత్తి చేను మీద పడుతోందని, పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) ఇచ్చిన ఫిర్యాదుకు జవాబు లేదని రాశారు. జవాబు కోసం ఇంక ఆగకండి. ఎన్‌జీటీ చట్టం 2010, సెక్షన్ 14 కింద కేసు వేయడానికి గడువు 6 నెలలే. అదీ సమస్య మొదటిసారి తలెత్తిన రోజు నుంచి లెక్క, ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి కాదు. చాలా కేసులు ఇక్కడే పోతాయి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు గానీ, దాన్ని నమ్ముకోవద్దు. పంట నష్టపరిహారానికి మాత్రం సెక్షన్ 15 కింద 5 ఏళ్లు ఉంది.

ఈ వారమే వరంగల్ పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. మిల్లు నడపడానికిచ్చిన అనుమతి పత్రం, అందులోని షరతులు, చివరి తనిఖీ నివేదిక అడగండి. షరతుల కాపీ చేతిలో ఉంటేనే ఉల్లంఘన నిలబడుతుంది. ఉత్త ఫొటోలు చాలవు. ఫొటోలకు తేదీ, సర్వే నంబరు రాసి, వ్యవసాయ అధికారితో పంట నష్టం రాయించుకోండి. మన రాష్ట్రం ఎన్‌జీటీ చెన్నై బెంచ్ కిందికి వస్తుంది.

ఇంకోటి: పర్యావరణ నష్టపరిహారం వేసే అధికారం పీసీబీలకు కూడా ఉందని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తేల్చింది. పీసీబీకి ఇచ్చే రెండో ఫిర్యాదులో మిల్లుపై అది వేయమని అడగండి.